పెళ్లిళ్ల పేరయ్య కెమిస్ట్రీ

నా ఎడమ ముంజేతిలో ఒక స్టీలు ప్లేటు, ఆరు స్క్రూలు ఉన్నాయి. ఇంటర్ సెకండియర్‌లో ట్యూషన్ నుంచి వస్తూ స్కూటీ మీద నుంచి పడ్డాను. ఎముక విరిగింది, ప్లేటు వేశారు, అతుక్కుంది. ఇప్పుడు బీటెక్ సెకండియర్. లాప్‌టాప్ అంచు మీద చెయ్యి ఆనించి కోడ్ రాస్తుంటే ఒక స్క్రూ తల లోపల్నుంచి గుచ్చుకుంటోంది. అందుకని సంక్రాంతి సెలవుల్లో డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం.

మా ఇంట్లో రెండు పార్టీలు. అమ్మది "తీయించేద్దాం" పార్టీ. "ఆడపిల్ల ఒంట్లో ఇనుము పెట్టుకుని ఎన్నాళ్లు తిరుగుతుంది?" అంటుంది. నాన్నది "ఉంచేద్దాం" పార్టీ. "మానిన చేతిని మళ్లీ కోయించడం దేనికి?" అంటారు. డాక్టరు గారు ఎటూ మొగ్గలేదు. "ఇబ్బంది పెడుతుంటే తీద్దాం, లేకపోతే ఉండనిద్దాం. కానీ తీశాక కొన్ని నెలలు జాగ్రత్తగా ఉండాలమ్మా. స్క్రూల రంధ్రాలు పూడాలి. ప్లేటు కింద ఎముక కూడా కాస్త బద్ధకించి ఉంటుంది" అన్నారు.

ఎముక బద్ధకించడం ఏంటి? ఆ ఒక్క మాట పట్టుకుని నేను వెతుక్కుంటూ పోయిన దారే ఈ వ్యాసం. నేను ఎల్కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. మా క్లబ్ ఎడిటర్ అక్క "సైన్స్ మీద ఒక్కటైనా తెలుగులో రాయవే" అంటే సరే అన్నాను గానీ, స్టిఫ్‌నెస్‌ని తెలుగులో ఏమంటారో తెలుసుకోవడానికే ఒక సాయంత్రం పట్టింది. చివరికి ఫోన్‌లో నాయనమ్మని అడిగితే ఒక్క సెకను ఆలోచించకుండా "బిరుసు" అంది. డిక్షనరీ దండగ.

పని లేని ఎముక

బిరుసుని కొలిచే యూనిట్ గిగాపాస్కల్. నంబర్ ఎంత పెద్దదైతే వస్తువు అంత తక్కువగా వంగుతుంది, సాగుతుంది. మన చేతి ఎముక పైపొర బిరుసు సుమారు 10 నుంచి 20 గిగాపాస్కల్స్. ఇంప్లాంట్లలో వాడే టైటానియం మిశ్రమానిది 110 దాకా. స్టెయిన్‌లెస్ స్టీలుది 200కి దగ్గర. అంటే నా ప్లేటు నా ఎముక కన్నా పది రెట్లకు పైగా బిరుసు.

ఇద్దరు కలిసి ఒక బస్తా మోస్తున్నారనుకోండి. ఒకడు పహిల్వాన్, ఇంకొకడు మామూలు మనిషి. పహిల్వాన్ బరువంతా తనే లాగేసుకుంటే రెండోవాడు ఊరికే చెయ్యి వేసి నడుస్తాడు. ఎముకకి జరిగేది అదే. జర్మన్ సర్జన్ జూలియస్ వుల్ఫ్ 1892లోనే చెప్పాడు: ఎముక తన మీద పడే బరువుని బట్టి తనని తాను మార్చుకుంటుంది. పని ఉన్నచోట గట్టిపడుతుంది, లేనిచోట పలచబడుతుంది. ప్లేటు కింద రక్తనాళాలు నొక్కుకుపోవడం కూడా ఒక కారణం అంటారు గానీ, బద్ధకం కథలో ముఖ్యమైన ముక్క ఇదే.

మరి ఎముక అంత బిరుసుగానే ఉండే వస్తువు చేసి పెట్టొచ్చు కదా? ఇది నా ప్రశ్న. చాలామంది నాకంటే ముందే అడిగిన ప్రశ్న అని తర్వాత తెలిసింది.

ఎముక నిజానికి ఒక పల్లీపట్టి

ముందు ఎముక దేనితో చేసిందో చూద్దాం. దాని బరువులో మూడింట రెండు వంతుల దాకా ఖనిజం. అది హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్‌కి దగ్గరి చుట్టం. ఒకరకం సిరామిక్. గట్టిదే, కానీ ఒక్కటే ఉంటే సుద్దముక్కలా పుటుక్కుమంటుంది. మిగతాదాంట్లో ముఖ్యమైనది కొల్లాజెన్ అనే ప్రోటీన్. అది సాగుతుంది, కానీ ఒక్కటే ఉంటే నిలబడలేదు. రెండూ కలిస్తే ఎముక. ఇలా రెండు వేరువేరు పదార్థాలు కలిసి, దేనికదిగా చేయలేని పని చేస్తే దాన్ని కాంపోజిట్ అంటారు.

మనకి బాగా తెలిసిన కాంపోజిట్ పల్లీపట్టి. బెల్లంపాకం మాట్రిక్స్ (మేము డిటర్మినెంట్లు కట్టే మాట్రిక్స్ కాదు, పట్టి ఉంచే పదార్థం అని అర్థం). పల్లీలు ఫిల్లర్. మెడికల్ కాంపోజిట్లలో బెల్లం స్థానంలో ప్లాస్టిక్ లాంటి పాలిమర్, పల్లీల స్థానంలో సిరామిక్ పొడి ఉంటాయి.

నాయనమ్మ పల్లీపట్టి చేసేటప్పుడు పల్లీలు వేయించి, రెండు చేతుల మధ్య నలిపి, పొట్టంతా చెరిగేసి అప్పుడు పాకంలో వేస్తుంది. పొట్టు తీయకపోతే ఏమవుతుంది? పాకం పొట్టుని గట్టిగా పట్టుకుంటుంది, పొట్టు మాత్రం పల్లీని పట్టుకోదు. కొరికితే పల్లీ గుండ్రంగా ఊడొచ్చేస్తుంది, దాని స్థానంలో ఒక గుంట మిగులుతుంది. పల్లీ గట్టిదే, పాకం కూడా గట్టిదే. ఫెయిలైంది మధ్యలో ఉన్న అతుకు.

ఇంప్లాంట్ కాంపోజిట్ కథంతా ఇంతే. లాగినప్పుడు బరువు మెత్తటి పాలిమర్ నుంచి బిరుసైన పొడికి చేరాలి. చేరాలంటే రెండింటి మధ్య పట్టు ఉండాలి. పట్టు లేకపోతే పొడి రేణువు ఉండీ లేనట్టే. మా భాషలో చెప్పాలంటే డాంగ్లింగ్ పాయింటర్: అడ్రస్ ఉంది, అక్కడ ఏమీ లేదు. ఇంకా ఘోరం ఏంటంటే, ఆ ఊడిన చోటు నుంచే పగులు మొదలవుతుంది.

ఒక సెంటీమీటర్ ఘనంలో ఒక గది

అతుకు ఇంత ముఖ్యం ఎందుకో ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. ఒక సెంటీమీటర్ భుజం ఉన్న గాజు ఘనం తీసుకోండి. దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు, ఒక పెద్ద తపాలా బిళ్ల అంత. దాన్నే ఒక మైక్రాన్ భుజం ఉన్న ఘనాలుగా ముక్కలు చేస్తే లక్ష కోట్ల ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్క ఉపరితలం 6 చదరపు మైక్రాన్లు. మొత్తం కలిపితే 6 చదరపు మీటర్లు. పదివేల రెట్లు! ముక్కల్ని ఇంకో పది రెట్లు సన్నం చేస్తే 60 చదరపు మీటర్లు, అంటే ఒక చిన్న ఫ్లాట్ నేల అంత.

గాజు ఒక్క గ్రాము కూడా పెరగలేదు, అతుకు పడాల్సిన చోటు మాత్రం ఒక ఇల్లంత అయింది. పొడి ఎంత మెత్తగా ఉంటే కాంపోజిట్ అంత నున్నగా వస్తుంది. కానీ ఉపరితలం పాడైతే నష్టం కూడా అన్ని రెట్లు. పైగా సన్నటి పొడి రేణువులు పాలిమర్‌లో కలవకుండా ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కడతాయి, ఉప్మాలో రవ్వ ఉండ కట్టినట్టు. ఆ ఉండ లోపలికి పాలిమర్ వెళ్లదు.

ఇద్దరికీ పడదు

గాజు, సిలికా లాంటి వాటి ఉపరితలమంతా ఆక్సిజన్–హైడ్రోజన్ జంటలు ఉంటాయి. వీటికి నీళ్లంటే ప్రాణం. గాలిలోని తేమని లాక్కుని ఒక పలచటి నీటిపొర కప్పుకుని కూర్చుంటాయి. పాలిమర్ స్వభావం నూనెకి దగ్గర. నూనె పట్టిన జుట్టు మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో తెలుసు కదా, జారిపోతాయి. ఈ ఇద్దరినీ ఒక కాపురంలో పెట్టాలి.

జుట్టు సంగతి కుంకుడుకాయ చూసుకుంటుంది. దానిలోని అణువుకి ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, ఇంకో కొస నూనెని. కానీ కుంకుడు రసం రెండింటినీ కాసేపు కలిపి, కడిగేసి వెళ్లిపోతుంది. మనకి కావలసింది వెళ్లిపోకుండా రెండు చేతులా పట్టుకుని ఉండిపోయే అణువు.

అలాంటి వాళ్లే కప్లింగ్ ఏజెంట్లు. నేను పెట్టిన పేరు పెళ్లిళ్ల పేరయ్య. అబ్బాయి వైపు వాళ్లతో అబ్బాయి వాళ్ల భాషలో, అమ్మాయి వైపు వాళ్లతో అమ్మాయి వాళ్ల భాషలో మాట్లాడి సంబంధం కుదిర్చేవాడు. ఒక్కటే తేడా. మన పేరయ్య భోజనం చేసి, తాంబూలం పుచ్చుకుని వెళ్లిపోతాడు. ఈ పేరయ్య జీవితాంతం మధ్యలోనే నిలబడాలి, అదీ ఇద్దరి చేతులూ పట్టుకుని.

వీళ్లలో బాగా పేరున్నాయన 3-మెథాక్రిలాక్సీప్రొపైల్ ట్రైమెథాక్సీసైలేన్. పేరు చూసి పేజీ తిప్పేయకండి, పేరులోనే జాతకమంతా ఉంది. మధ్యలో ఒక సిలికాన్ పరమాణువు. దానికి ఒకవైపు మూడు మెథాక్సీ గుంపులు, ఇవి గాజు వైపు చేతులు. ఇంకోవైపు మూడు కార్బన్ల చిన్న గొలుసు, దాని చివర మెథాక్రిలేట్. అది పాలిమర్ వైపు చెయ్యి.

పని మూడు మెట్లలో జరుగుతుంది. మొదట నీళ్లు తగిలి మెథాక్సీ గుంపులు విడిపోతాయి, మిథనాల్ బయటికి పోతుంది, సిలికాన్‌కి ఆక్సిజన్–హైడ్రోజన్ జంటలు మిగులుతాయి. ఇప్పుడు పేరయ్య వేషం గాజు వేషంలాగే ఉంది. రెండో మెట్టులో ఆ జంటలు గాజు మీది జంటలతో కలుస్తాయి. వేడి చేస్తే మధ్యలోంచి నీరు పోయి సిలికాన్–ఆక్సిజన్–సిలికాన్ అనే గట్టి బంధం పడుతుంది. మూడో మెట్టు, పాలిమర్ గట్టిపడేటప్పుడు. మెథాక్రిలేట్ కొస కూడా ఆ గొలుసులోనే ఒక లింకై కలిసిపోతుంది. అంతే, గాజు నుంచి పాలిమర్ దాకా ఎక్కడా తెగని రసాయన బంధం.

మెటలర్జీ చదివే మా రూమ్మేట్ ప్రాజెక్ట్ కోసం ఇది చేస్తుంటే ల్యాబ్‌కి వెళ్లి చూశాను. ఆల్కహాల్‌లో కొంచెం నీళ్లు, పీహెచ్ 4కీ 5కీ మధ్యకి వచ్చేదాకా ఎసిటిక్ ఆమ్లం చుక్కలు, తర్వాత సైలేన్. కాసేపు ఆగి, గాజు పొడి వేసి గిలకొట్టి, వడగట్టి, ఆల్కహాల్‌తో కడిగి, 110 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టడం. చూడ్డానికి పొడి ముందు ఎలా ఉందో తర్వాతా అలాగే ఉంది. "ఏం మారిందే?" అన్నాను. తను రెండు బీకర్లలో నీళ్లు పోసింది. మామూలు పొడి చల్లితే తడిసి మునిగిపోయింది. సైలేన్ పూసిన పొడి నీళ్ల మీద తెల్లటి పొరలా తేలుతూ ఉండిపోయింది. అదే గాజు, కంటికి కనపడని పూత ఒక్కటే తేడా. ఆ రోజు నాకు నమ్మకం కుదిరింది.

ఆల్కహాల్‌తో కడిగేది ఎందుకో కూడా తనే చెప్పింది. సైలేన్ ఎక్కువైతే పొర మీద పొర పేరుకుంటుంది. పై పొరలకి గాజుతో బంధం ఉండదు, ఊరికే అంటుకుని ఉంటాయి. అంటే పల్లీ పొట్టు మళ్లీ తిరిగొచ్చినట్టే. పెళ్లికి ఒక్క పేరయ్య చాలు, పదిమంది వస్తే గొడవే.

నా పంటిలో ఉన్నది ఇదే

ఈ సైలేన్లు మొదట మనిషి కోసం పుట్టలేదు. 1940ల్లో గాజు నారని ప్లాస్టిక్‌తో కలిపి ఫైబర్‌గ్లాస్ చేస్తుంటే, తడి తగిలేసరికి బలం పడిపోయేది. ఆ సమస్యకి మందుగా వచ్చాయి. వాటిని నోట్లోకి తెచ్చినవాడు అమెరికాలో నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసిన దంత పరిశోధకుడు రాఫెల్ బోవెన్. పళ్ల రంగులో ఉండే పాత ఫిల్లింగులు కుంచించుకుపోవడమో, అరిగిపోవడమో జరిగేది. బోవెన్ బిస్-జీఎంఏ అనే కొత్త రెసిన్ తయారుచేసి, అందులో సైలేన్ పూసిన సిలికా పొడి కలిపాడు. 1962లో పేటెంట్ వచ్చింది. ఈరోజు డెంటిస్టులు నీలి లైటు వేసి గట్టిపరిచే తెల్ల ఫిల్లింగులన్నీ ఆ వంశమే. వాటి బరువులో సుమారు నాలుగింట మూడు వంతులు గాజు లేదా సిరామిక్ పొడే ఉంటుంది.

నా కుడి దవడపంటికి అలాంటిదే ఒకటి ఉంది. వేసేటప్పుడు డాక్టరమ్మ పంటి చుట్టూ దూది చుట్టలు కుక్కి, "ఉమ్ము తగలనివ్వకు" అని నాలుగుసార్లు చెప్పింది. తర్వాత పుల్లటి జెల్ ఏదో రాసి కడిగింది. అప్పుడు విసుక్కున్నాను. అది ఫాస్ఫారిక్ ఆమ్లమని ఇప్పుడు తెలిసింది. పంటి ఎనామెల్‌ని ఆమ్లంతో గరుకు చేస్తే రెసిన్ పట్టు దొరుకుతుందని 1955లో మైఖేల్ బ్యునకోర్ చూపించాడు. అంటే ఆవిడ చేసింది కూడా ఉపరితల చికిత్సే. ఫ్యాక్టరీలో పొడికి ఒకటి, కుర్చీలో పంటికి ఒకటి. రెండు అతుకులు కుదిరితేనే నేను రాత్రి పూట జంతికలు నమలగలుగుతున్నాను.

మరి ఎముకకి?

పంటికి కుదిరింది సరే, నా చేతికి? ఇక్కడే కథ కష్టమవుతుంది.

లండన్ క్వీన్ మేరీ కాలేజీలో విలియం బాన్‌ఫీల్డ్ బృందం 1980ల మొదట్లో పాలిథీన్‌లో హైడ్రాక్సీఅపటైట్ పొడి కలిపింది. పాలిథీన్ అంటే మన బకెట్ల ప్లాస్టిక్ కుటుంబమే. ఆ పదార్థానికి తర్వాత హాపెక్స్ అని పేరు వచ్చింది. పరిమాణంలో 40 శాతం పొడి. పాలిథీన్ బిరుసు ఒక గిగాపాస్కల్ చుట్టుపక్కల. పొడి కలిశాక సుమారు 4 అయింది. ఎముకకి కింది అంచు దగ్గరికి చేరిందన్నమాట. సర్జన్ ఆపరేషన్ థియేటర్లోనే కత్తితో చెక్కి సైజు సరిచేసుకోవచ్చు. మధ్యచెవిలోని బుల్లి ఎముకల స్థానంలో, కంటి గుంత అడుగున వాడారు. ఇవి బరువు పెద్దగా పడని చోట్లు. నా ముంజేయి ఆ లిస్టులో లేదు.

హాపెక్స్‌లో మొదట పేరయ్య లేడు. వేడి పాలిథీన్ చల్లారుతూ కుంచించుకుని రేణువుల్ని పిడికిలిలా బిగించేది, అంతే. కొంచెం వంచి చూస్తే ఆ బిగింపు చాలు, బిరుసు బాగానే కనపడుతుంది. గట్టిగా లాగితే మాత్రం పిడికిలి జారుతుంది. అందుకే 1990ల్లో అదే బృందం పొడికి సైలేన్ పూసి, పాలిథీన్‌కి ఆక్రిలిక్ ఆమ్లం అతికించి చూసింది. బలం, తెగేలోపు సాగే గుణం మెరుగుపడ్డాయి. మన దేశంలో ఐఐటీ కాన్పూర్‌లో బిక్రమ్‌జిత్ బసు బృందం పాలిథీన్, హైడ్రాక్సీఅపటైట్‌లకి అల్యూమినా కూడా చేర్చి, సైలేన్ బదులు టైటనేట్ పేరయ్యతో ప్రయత్నించింది.

పేరయ్య ఎందుకు మారాలి? అందరికీ ఒకే సంబంధం కుదరదు కాబట్టి. సైలేన్ బలమంతా సిలికా మీద. హైడ్రాక్సీఅపటైట్ మీద ఉండేది కాల్షియం, ఫాస్ఫేట్. అక్కడ సైలేన్ పట్టు అంత గట్టిగా ఉండదు. జిర్కోనియా మీద కూడా అదే తంతు. వాటికి ఫాస్ఫేట్ తల ఉన్న అణువులు బాగా కుదురుతాయి. జపాన్‌లో 1981లో తయారైన 10-ఎండీపీ అలాంటిదే, ఈరోజు డెంటిస్టుల సీసాల్లో చాలావాటిలో అది ఉంటుంది.

ఇంకో చిక్కు నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. హైడ్రాక్సీఅపటైట్ వేసేది బలం కోసం ఒక్కటే కాదు. శరీరం దాన్ని తనదే అనుకుని ఎముక కణాల్ని దాని మీదకి పంపుతుంది. మనం ప్రతి రేణువునీ పూతతో కప్పేస్తే లోపల అతుకు కుదురుతుంది గానీ, బయట ఎముకకి కనపడాల్సిన ముఖం దాగిపోవచ్చు. కప్పకపోతే ఎముక గుర్తుపడుతుంది గానీ, లోపల ఊడిపోతుంది. కాబట్టి ఎంత పూయాలి, ఎక్కడ పూయాలి, ఇంప్లాంట్ పైముఖాన్ని చెక్కి రేణువుల్ని ఎలా బయటపెట్టాలి అని ఆలోచించాలి. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గే ఇలాంటి లెక్కలు మాకు అల్గారిథమ్స్ క్లాసులో రోజూ ఉంటాయి. అక్కడ తప్పు చేస్తే మార్కులు పోతాయి, ఇక్కడ ఒకరి ఎముక.

పాత శత్రువు

చివరగా, నీళ్లు. పేరయ్య బంధం పడేటప్పుడు నీరు బయటికి పోయిందని చెప్పాను కదా. ఆ దారి రెండువైపులా తెరిచే ఉంటుంది. నోట్లో ఉమ్ము, ఒంట్లో ద్రవాలు ఏళ్ల తరబడి పాలిమర్‌లోకి నెమ్మదిగా ఇంకుతాయి. సిలికాన్–ఆక్సిజన్ బంధాల్ని ఒక్కొక్కటిగా విప్పుతాయి. వేడి, చల్లన, నమలడం, నడవడం దానికి తోడు. అందుకే ఏ కాంపోజిట్‌నైనా తయారుచేసిన రోజు లాగి చూస్తే సరిపోదు. 37 డిగ్రీల నీళ్లలో నెలల తరబడి నానబెట్టి మళ్లీ లాగి చూడాలి. మొదటి రోజు నంబర్ పెళ్లినాటి ఫోటో లాంటిది. కాపురం ఎలా సాగిందో ఫోటోలో తెలియదు.

ఇదంతా చదివాక మా ఇంటి పార్టీల గొడవకి జవాబు దొరికిందా? కొంతవరకు. నా చేతికి వేసింది ఎముక లాంటి ప్లేటు కాదు. విరిగిన రోజున స్టీలు వేయడమే సరైన పని, అది నా చేతిని నిలబెట్టింది. ఆ పని అయిపోయింది. ఇప్పుడు గుచ్చుకుంటోంది కాబట్టి వేసవి సెలవుల్లో తీయించేస్తున్నాం. అమ్మ పార్టీ గెలిచింది, నాన్న షరతుతో ఒప్పుకున్నారు: ఆరు రంధ్రాలూ పూడాయని డాక్టరు గారు ఎక్స్‌రే చూసి చెప్పేదాకా స్కూటీ తాళాలు ఆయన దగ్గరే.

మొదట్లో ఆ షరతుకి కోపం వచ్చింది. ఇప్పుడు రావట్లేదు. రెండేళ్లుగా పహిల్వాన్ వెనక ఊరికే నడిచిన ఎముక అది. మళ్లీ బస్తా ఎత్తుకోవడం నేర్చుకోవాలి. దానికి కొంచెం టైమ్ ఇవ్వాలి కదా.